లిఫాఫాలో సవాల్

న్యూస్ డెస్కులో ‘ప్రోబ్’ అనే మాట కనబడితే చాలు, సబ్ ఎడిటర్ చెయ్యి దానంతటదే ‘దర్యాప్తు’ అని కొట్టేస్తుంది. సీబీఐ ప్రోబ్, విజిలెన్స్ ప్రోబ్, జ్యుడీషియల్ ప్రోబ్. అదే ఉర్దూ అఖ్బార్‌లో అయితే ‘తహ్కీకాత్’. ఈ మాట చూసినప్పుడల్లా నాకు ఓ తమాషా కనిపిస్తుంది. యూనివర్సిటీలో కూర్చుని పీహెచ్‌డీ రాసేవాళ్లు చేసేది తహ్కీక్. పోలీసులు స్టేషన్‌లో కూర్చోబెట్టి చేసేది తహ్కీకాత్. ఏకవచనం చదువుకున్నోళ్లకి, బహువచనం లాఠీ ఉన్నోళ్లకి. రెండింటి జడ ఒకటే, అరబీలోని ‘హక్’. హక్ అంటే సచ్, నిజం. హక్ అంటే హక్కు కూడా. ధర్నా చౌక్‌లో మనం గొంతు చించుకుని అరిచే హక్కు అక్కడిదే. అంటే ఎవరి దగ్గరికైనా వెళ్లి నిజం తెలుసుకోవాలని బయల్దేరినవాడి సంచిలో ఆ అవతలి మనిషి హక్కు కూడా ఉండాలన్నమాట. మాటలోనే ఈ షర్త్ దాక్కుని ఉంది.

ప్రోబ్‌కి ఇంకో మతలబ్ కూడా ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

కంప్యూటర్లు, ఫోన్లు, యాప్‌లు మనుషుల చేతుల్లో పడ్డాక ఏమవుతాయి, మనుషులు వాటి చేతుల్లో పడ్డాక ఏమవుతారు అని చదివే ఇల్మ్ ఒకటుంది. దాన్ని హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అంటారు. మనిషికీ మెషీన్‌కీ మధ్య గుఫ్తగూ గురించిన చదువు అనుకోండి. అక్కడ ప్రోబ్ అంటే దర్యాప్తు కాదు, ఓ పొట్లం. లోపల కొన్ని కార్డులు, ఓ కెమెరా, కొన్ని నక్షాలు, ఓ డైరీ. ఇచ్చి వెళ్లిపోతారు. మనం తీరిగ్గా, మనసైతే, మన ఇంట్లో కూర్చుని నింపి పంపుతాం. మనసు కాకపోతే లేదు. అంతరిక్షంలోకి వదిలిన యంత్రం ఎక్కడో తిరుగుతూ అప్పుడో ముక్క, ఇప్పుడో ముక్క ఖబర్ పంపినట్టు ఈ పొట్లాలు కూడా ముక్కలు ముక్కలుగా జవాబు మోసుకొస్తాయి. పేరు అందుకే పెట్టారు.

దీని కహానీ 1990ల చివర్లో మొదలైంది. యూరోపియన్ యూనియన్ పైసలతో ‘ప్రెజెన్స్’ అనే ప్రాజెక్టు నడిచింది. బుజుర్గులు తాముండే బస్తీలో ఇంకాస్త కనబడేలా, వినబడేలా కొత్త టెక్నాలజీ ఏం చేయగలదు అన్నది వాళ్ల ముందున్న సవాల్. మూడు చోట్లు ఎంచుకున్నారు. నార్వే రాజధాని ఓస్లోలో మాయర్‌స్టువా అనే ఇలాఖా. ఆమ్‌స్టర్‌డామ్ అంచున బైల్మర్. ఇటలీలో పీసా దగ్గర పెచ్చోలి అనే చిన్న ఊరు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ నుంచి బిల్ గేవర్, ఆంథొనీ డన్, మిలాన్ డోమస్ అకాడమీ నుంచి ఎలెనా పచెంతి ఈ పని చేసినవాళ్లలో ఉన్నారు. 1999 మొదట్లో ‘ఇంటరాక్షన్స్’ అనే మ్యాగజైన్‌లో ముగ్గురూ కలిసి దీని గురించి రాశారు. చిన్న వ్యాసమే. ఈ రంగంలో ఇప్పటికీ జనం దాని చుట్టూ బహస్ చేస్తూనే ఉన్నారు.

మామూలుగా ఇలాంటి పనికి ఏం చేస్తారు? ఓ ఫారం అచ్చువేస్తారు. వయసు, చదువు, ఆమ్‌దనీ, రోజుకి ఎన్ని గంటలు టీవీ చూస్తారు, మీకున్న సమస్యలేమిటి. అవునో కాదో టిక్కు పెట్టమంటారు. ఈ ముగ్గురికి ఆ దారి నచ్చలేదు. సర్కారీ ఆఫీసర్ల మాదిరి ముసలోళ్ల ముందు కూర్చుంటే వాళ్లు కూడా దర్ఖాస్తు పెట్టుకునేవాళ్ల మాదిరి మాట్లాడతారు. మోకాళ్ల నొప్పి, పింఛను, బస్సు రాదు. అవన్నీ నిజాలే. కానీ వాటిలో ఓ మనిషి ఎక్కడున్నాడు?

అందుకే పొట్లం. స్వయంగా వెళ్లి, కూర్చుని, చేతికిచ్చి వచ్చారు. అందులో ఏమేం ఉన్నాయంటే, పోస్ట్‌కార్డులు. ముందు వైపు బొమ్మ, వెనక ఓ ప్రశ్న. మీ జిందగీలో మీకు బాగా పనికొచ్చిన ఓ నసీహత్ చెప్పండి. మీ ఊళ్లో మీకు నచ్చనిదేంటి. మీ జిందగీలో కళకి ఏ జాగా ఉంది. అడ్రసు రాసి, స్టాంపు అంటించి ఉంటుంది, డబ్బాలో వేయడమే. తర్వాత నక్షాలు, చిన్న స్టిక్కర్లతో సహా. మనుషుల్ని కలవాలంటే ఎక్కడికి వెళ్తారు, ఒంటరిగా ఉండాలంటే ఎక్కడికి, కూర్చుని పగటి కలలు కనాలంటే ఎక్కడికి, వెళ్లాలని ఉండి వెళ్లలేని చోటు ఏది. కంపెనీ అట్ట తీసేసి కొత్త అట్ట చుట్టిన ఓ కెమెరా, వాడి పారేసే రకం. దాని వెనక ఏ ఫోటోలు తీయాలో ఫర్మాయిష్‌లు. మీ ఇల్లు, ఈరోజు మీరు వేసుకోబోయే బట్టలు, ఈరోజు మీకు మొదట కనబడిన మనిషి, మీకు బోర్ కొట్టించేది ఏదైనా. ఓ చిన్న ఆల్బం, ఆరు నుంచి పది ఫోటోలతో మీ కథ చెప్పమని. రేడియో, టీవీ ఎప్పుడు, ఎవరితో కలిసి పెట్టారో రాసుకునే డైరీ.

చూడండి, ఒక్క ప్రశ్నా సూటిగా లేదు. ఒక్కదాని జవాబునూ కూడి భాగించి సగటు తీయలేం. అదే వాళ్ల ఇరాదా. సవాల్ అనే మాట ఉర్దూలో ప్రశ్న, తెలుగులోకి వచ్చేసరికి ఛాలెంజ్ అయిపోయింది. నేను ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీలోకి వచ్చిన కొత్తలో ఈ రెండు సవాళ్ల మధ్య తెగ తికమకపడేవాణ్ణి. గేవర్ బృందం పంపినవి ఉర్దూ సవాళ్లు. మన ఇళ్లకి టాబ్లెట్ పట్టుకుని వచ్చేవాళ్లు వేసేవి చాలావరకు తెలుగు సవాళ్లు. జవాబు చెప్తావా, చస్తావా అన్నట్టు ఉంటాయి.

ఇక జవాబుల సంగతి. ఓస్లో వాళ్లు దాదాపు అన్నీ తిరిగి పంపారు. బైల్మర్ నుంచి సగం కన్నా కొంచెం ఎక్కువ. పెచ్చోలి వాళ్లు, పొట్లాలు తీసుకున్నప్పుడు తెగ ఖుషీగా ఉన్నవాళ్లు, సగం కూడా పంపలేదు. ఏ సర్వే కంపెనీ అయినా ఇక్కడ తల పట్టుకుంటుంది. వీళ్లు అలా చూడలేదు. పెచ్చోలి వాళ్లు తమ జిందగీలో హాయిగా మునిగి ఉన్నారు, వాళ్ల కోసం ఏదైనా తయారుచేస్తే ఈ బేఫిక్రీని లెక్కలోకి తీసుకోవాలి అని అర్థం చేసుకున్నారు. రాకపోవడం కూడా జవాబే. ఈ ఒక్క సంగతి కోసమే నాకు ఈ తరీకా మీద మొహబ్బత్ కలిగింది. నా పేషాలో అయితే ‘స్పందించడానికి నిరాకరించారు’ అని ఓ లైను రాసి అవతలి మనిషిని గుమాన్‌లో నిలబెడతాం. ఖామోషీ అంటే దాచిపెట్టడమే అనుకోవడం మాకు ఆదత్.

బైల్మర్ గురించి ఇంకో మాట. అది ఎత్తయిన అపార్టుమెంట్ల బస్తీ. సురినాం నుంచి, ఘనా నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. 1992లో ఓ కార్గో విమానం ఆ అపార్టుమెంట్ల మీదే కూలింది. బయటివాళ్ల నోట ఆ చోటు ఎప్పుడూ బద్నామే. దొంగతనాలు, డ్రగ్స్, చీకటి పడితే పోవద్దు. మనకి తెలియని పాట కాదిది. హైదరాబాద్‌లో పురానా షహర్ పేరెత్తితే ఆటోవాలా మొహం ఎలా మారుతుందో మనం చూస్తూనే ఉంటాం. బైల్మర్ బుజుర్గుల పొట్లాల్లో ఖౌఫ్ ఉంది. దాంతోపాటే తమ బస్తీ మీద గట్టి ప్రేమా ఉంది. డిజైనర్లు దాన్ని పట్టుకున్నారు. బస్తీ గురించి ఆ ముసలోళ్ల మాటల్ని నినాదాలుగా చేసి వీధిలో బెంచీ మీద కనబడేలా పెట్టే సామాను తయారుచేశారు. ఆ దారిన పోయేవాళ్లు కూర్చుంటారు, చదువుతారు. పోలీస్ రికార్డుకీ టీవీ న్యూస్‌కీ బయట ఆ బస్తీ తన గురించి తాను చెప్పుకుంది. సీసీ కెమెరాలు పెట్టే ఆలోచన ఏ ఫారంలోంచైనా వస్తుంది. ఇది పొట్లంలోంచి వచ్చింది.

ఇదే మనుషులు తర్వాత లండన్‌లోని ఇళ్లకి ఇంకా వింత పొట్లాలు పంపారు. వాటిలో నాకు బాగా నచ్చింది ఖ్వాబ్ రికార్డర్. మార్కెట్లో దొరికే చిన్న వాయిస్ రికార్డర్‌నే మార్చి కొత్తగా తయారుచేశారు. కల కని ఉలిక్కిపడి లేచినప్పుడు దాన్ని ఆన్ చేసి చెప్పాలి. పది సెకండ్లే టైం. తర్వాత అదే ఆగిపోతుంది. మళ్లీ వినడానికి లేదు, చెరపడానికి లేదు, పంపేయడమే. ఇంకోటి గాజు గ్లాసు. గోడకి ఆనించి పెట్టి వినండి, ఏం వినబడిందో ఆ గ్లాసు మీదే పెన్నుతో రాయండి అన్నారు. పక్కింటి గోడకి గ్లాసు పెట్టి వినడం మన దగ్గర ఎవరికీ నేర్పక్కర్లేదు అని మీరు నవ్వుకుంటున్నారు కదా. నేనూ నవ్వాను.

కాని తరీకా మషూర్ అయ్యాక జరిగేదే జరిగింది. కంపెనీలు, కాలేజీలు అందరూ పొట్లాలు పంచడం మొదలుపెట్టారు. లోపల ఫారమే, పైన రంగు కాగజ్. 2004లో గేవర్, ఆయన సాథీలు మళ్లీ కలం పట్టి, మేం చెప్పింది ఇది కాదు అని రాయాల్సి వచ్చింది. జవాబుల్ని లెక్కపెట్టకండి, సగటు తీయకండి, యకీన్‌గా తెలియకపోవడంలోనే దీని విలువ ఉంది అన్నది వాళ్ల వాదన. 2007లో పాల్ డూరిష్, ఇంకొందరు కలిసి, ఈ రంగం ప్రోబ్‌లని ఎలా ఎలా అర్థం చేసుకుంది, ఎలా వాడేసింది అని పరిశీలించి ఓ పేపర్ రాశారు. ప్రోబ్‌ని ఓ రెడీమేడ్ ఔజార్‌లా తీసుకుపోయి, దాని వెనకున్న ఆలోచనని అక్కడే వదిలేశారన్నది వాళ్ల ఫిర్యాదు.

ఇక్కడ నేను గేవర్ సాబ్‌తో పూర్తిగా లేను. ఆయన కళాకారుడి కంటితో చూస్తాడు, ఇన్‌స్పిరేషన్ వస్తే చాలంటాడు. అది లండన్ స్టూడియోలో చెల్లుతుంది. ఇంగ్లండ్‌లోనే లాంకాస్టర్ వైపు కొందరు పరిశోధకులు మానసిక రోగంతో ఆస్పత్రిలో ఉండి బయటికొచ్చినవాళ్ల హాస్టల్లో ప్రోబ్‌లు వాడారు. 2003లో దాని గురించి రాశారు. అలాంటి చోట బయటి మనిషి నోట్‌బుక్ పట్టుకుని మూల కూర్చుంటే అదే ఓ జుల్మ్. పొట్లం ఇస్తే వాళ్లు తమకి ఇష్టమైనంతే బయట పెడతారు. అక్కడ దాన్ని సమాచారం కోసం వాడారు, కేవలం ఇన్‌స్పిరేషన్ కోసం కాదు. గేవర్ లెక్కలో అది తరీకా తప్పడం. నా లెక్కలో అదే దాని అసలు పని. ప్రోబ్‌లో నాకు నచ్చేది అందులోని ఆర్ట్ కాదు. అందులోని పర్దా. అడిగేవాడు గది బయట ఉండటం.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. మా దోస్త్ బిడ్డ ఒకామె డిజైన్ చదువుతోంది. క్లాసు పని కోసం ఇలాంటి కార్డులే ఇంగ్లిష్‌లో రాసుకుని నా దగ్గరికి వచ్చింది. “చాచా, ఇవి ఉర్దూలో, తెలుగులో రాసివ్వండి” అని. మీ ఫేవరెట్ డివైస్ గురించి చెప్పండి అన్నది ఓ కార్డు. డివైస్‌కి ఉర్దూ కితాబుల్లో ‘ఆలా’ అని ఉంది. ఏ ఇంట్లో అంటారు ఆ మాట? డాక్టర్ మెడలో వేసుకునేదాన్ని అంటారేమో. తెలుగులో ‘పరికరం’. అది ఐటీఐ సిలబస్. చివరికి ‘సామాన్’ అని రాశాను. మీకు బాగా నచ్చిన సామాన్ ఏది?

ఆ కార్డుని మా ఖాలాకి చదివి వినిపించాను. ఖాలా నవ్వింది. “క్యా సవాలాఁ హై జీ యే! కోన్ పూఛ్‌తే ఐసే?” ఏం ప్రశ్నలివి, ఎవరడుగుతారు ఇలా అని. తర్వాత కాసేపు ఆలోచించి కుట్టు మిషన్ అంది. దాంతో ముగ్గురు ఆడపిల్లల జహేజ్ బట్టలు కుట్టింది, మరి. నేను ఊరుకోలేక, ఫోన్ కాదా ఖాలా అన్నాను. “ఫోనా? వో మేరా కాఁ హై బేటా. బచ్చోఁ కా హై.” అది నాదెక్కడిది, పిల్లలది అంది. పొద్దున మనవడు స్కూలుకి పోయాక, సాయంత్రం కొడుకు వచ్చేలోపు ఆమె చేతిలో ఉంటుంది. దుబాయ్‌లో ఉన్న కూతురికి వాయిస్ మెసేజ్ పెడుతుంది. జవాబు ఎప్పుడొచ్చినా ముందు మనవడే వింటాడు. ఏ సర్వేలోనైనా మా ఖాలా ఇంటి ఎదురుగా ‘స్మార్ట్‌ఫోన్: ఉంది’ అనే టిక్కు పడుతుంది. ఆ టిక్కు తప్పేం కాదు. కాకపోతే అందులో ఖాలా లేదు.

ఇది మా ఇంటి ఒక్కదాని సంగతే కాదు. 2018లో నిత్య సాంబశివన్, ఇంకొందరు పరిశోధకులు హిందుస్తాన్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఆడవాళ్లు ఫోన్‌ని ఎలా పంచుకుంటారో, పంచుకుంటూనే తమదైన జాగా ఎలా కాపాడుకుంటారో చూసి రాశారు. ఫోన్‌కి తాళం, యాప్‌కి తాళం, ఒక్క మెసేజ్ మాత్రం చెరిపేయడం, చూసిన వీడియో ఆనవాలు లేకుండా చేయడం, అసలు కొన్ని యాప్‌ల జోలికే పోకపోవడం. అత్తగారు అడిగితే ఫోన్ ఇవ్వను అనలేరు కదా. అందుకే ఇచ్చేముందు చెరుపుతారు. ఫోన్ తయారుచేసేవాడేమో ఓ మనిషి, ఓ ఫోన్, ఓ వేలిముద్ర అనుకుని తయారుచేస్తాడు.

యూరప్ పొట్లాలు కూడా ఆ గుమాన్‌లోనే పుట్టాయన్నది నా షికాయత్. ఓ మనిషికి ఓ డైరీ, ఓ కెమెరా, రాసుకోవడానికి ఓ గది, దాచుకోవడానికి ఓ సొరుగు ఉంటాయనుకుని తయారుచేసినవి అవి. మా ఇళ్లలో డైరీ రాస్తే ముందు ఇంట్లోవాళ్లే చదువుతారు. కెమెరా ఇచ్చి ఇంటి ఫోటోలు తీయమంటే, ఇంట్లో దుపట్టా లేకుండా ఉన్న కోడలు ఎక్కడ పడుతుందో అని అందరికీ ఫికర్. రాయమంటే ఏ లిపిలో? ఖాలా ఉర్దూ చదవగలదు, రాయడం మర్చిపోయింది. ఆమె కూతురు ఉర్దూ మాట్లాడుతుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తుంది. మనవడికి స్కూల్లో తెలుగు. ఓ ఇంట్లో మూడు లిపులు. పోస్ట్‌కార్డు ఒక్కటే పంపితే అది ఎవరి ఖత్?

పోస్ట్‌కార్డుని ఉర్దూలోకి తర్జుమా చేస్తే సరిపోదు, పొట్లాన్నే తర్జుమా చేయాలి. ఇది చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. ముంబైలో అపాలా లహిరి చవాన్ అనే డిజైనర్ ‘బాలీవుడ్ మెథడ్’ అని ఒకటి కనిపెట్టారు. మనవాళ్లని కూర్చోబెట్టి ఈ వెబ్‌సైట్ ఎలా ఉంది అని అడిగితే బాగుంది సార్ అంటారు. మెహమాన్ మొహం మీద బాలేదని ఎవరంటారు, తకల్లుఫ్. ఆమె సినిమా కథ చెప్పారు. పెళ్లి కుదిరిన ఓ అమ్మాయి, పెళ్లికొడుకు మాఫియా మనిషి అని ఆఖరి నిమిషంలో తెలిసింది, ఆమెని కాపాడాలంటే మీరు వెంటనే టికెట్ బుక్ చేయాలి, ఊఁ, కానివ్వండి! ఇక జనం సీటు అంచుకి వచ్చి, ఈ బటన్ ఎక్కడ చచ్చింది, ఈ పేజీ ఎందుకు తెరుచుకోదు అని తిట్టడం మొదలుపెట్టారు. తకల్లుఫ్ మాయం. ఇది ప్రోబ్ కాదు, వేరే తరీకా. కానీ సూటిగా అడగొద్దు, మనిషికి ఓ కిర్దార్ ఇచ్చి వదిలేయి అన్న సమఝ్ ఒకటే. పారిస్ కళాకారుల నుంచి కాదు, మన టాకీసుల నుంచి తెచ్చుకున్నారు.

నన్నెవరైనా మా మొహల్లాకి పొట్లం తయారుచేయమంటే ఏం పెడతానో చెప్పనా? కెమెరా పెట్టను. ఓ పెద్ద అట్ట, మీద ఓ రోజు గడియారం. పొద్దుటి అజాన్ నుంచి రాత్రి లైటు ఆర్పేదాకా ఇంటి ఫోన్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో రంగు దారం చుట్టమంటాను. రాత, చదువు అక్కర్లేదు, కుట్టుపని చేసే చేతులకి దారం తెలుసు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చేస్తే కొట్లాట కూడా అవుతుంది, ఆ కొట్లాటే నాకు కావాలి. రాయడం బదులు వాయిస్. ఖ్వాబ్ రికార్డర్‌లా పది సెకండ్లది, ఓ ప్రశ్నకి ఓ బటన్. ఈరోజు ఫోన్‌లో ఎవరికి చెప్పాలనుకుని చెప్పలేదు అన్నది అందులో ఓ ప్రశ్న. ఇంకా, గట్టి గమ్ ఉన్న ఓ ఖాళీ లిఫాఫా. దాని మీద, మాకు చెప్పదల్చుకోనిది ఇందులో పెట్టి మీ దగ్గరే ఉంచుకోండి అని రాసి ఉంటుంది. వాపస్ ఇవ్వక్కర్లేదు. లోపల ఏముందో మాకు తెలీదు. అసలు ఏదైనా ఉందో లేదో కూడా తెలీదు. కానీ అడిగేవాడికి ఓ హద్దు ఉందని, దాన్ని గీసేది తామేనని ఆ ఇంటివాళ్లకి తెలుస్తుంది.

ఫారాలు వద్దంటున్నానని అనుకోకండి. మా ఖౌమ్‌కి ఫారం చేసిన మేలు తక్కువది కాదు. 2006లో సచార్ కమిటీ రిపోర్ట్ అంకెలతో సహా బయటపెట్టేదాకా, ముసల్మానుల గురించి ‘తుష్టీకరణ్’ అని అరిచేవాళ్ల గొంతే పెద్దగా ఉండేది. చదువు ఎంత, నౌకరీ ఎంత, బ్యాంకు కర్జా ఎంత అని టేబుళ్లు వేసి చూపించాకే ఆ గొంతుకి జవాబు దొరికింది. రిజర్వేషన్ కోసం అదాలత్‌లో నిలబడితే జడ్జిగారు దారం చుట్టిన అట్ట అడగరు. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతా ఒకేరోజు ఇంటింటి సర్వే జరిగినప్పుడు బొంబాయి నుంచి కూలీలు బస్సులు, రైళ్లు పట్టుకుని ఊళ్లకి పరుగెత్తుకొచ్చారు. లెక్కలో లేకపోతే లేనట్టే అన్న డర్ అది. ఆ డర్‌కి బునియాద్ ఉంది. నంబర్‌తో హక్కు అడుగుతాం. కానీ యాప్ తయారుచేసేవాడు నంబర్ ఒక్కటే చూసుకుంటే, ఖాలా చేతిలోకి రాని ఫోన్ కోసం ఆమె వేలిముద్ర అడిగే యాప్ తయారవుతుంది. పింఛను దానికి ముడిపెడితే అప్పుడు తెలుస్తుంది తకలీఫ్ ఏంటో.

ఇంకో రకం ప్రోబ్ ఉంది, నాకు ఫికర్ కలిగించేది అదే. 2003లో అమెరికా, ఫ్రాన్స్, స్వీడన్ పరిశోధకులు కలిసి ‘టెక్నాలజీ ప్రోబ్’ అన్నారు. కాగజ్ బదులు పనిచేసే చిన్న మెషీన్‌నే ఇంట్లో పెడతారు. దూరంగా ఉన్న కుటుంబాలు ఒకళ్లకొకళ్లు చిట్టీలు రాసుకునే ఓ స్క్రీన్. ముందు నిలిపిన దృశ్యం కొన్ని సెకండ్లు కదలకుండా ఉంటే దాన్ని ఫోటో తీసి అవతలి ఇంటికి పంపే ఇంకో డబ్బా, ఆ ఫోటోలు రోజులు గడిచేకొద్దీ వెలిసిపోతాయి కూడా. ఒకే పని చేస్తుంది, ఎలా వాడుకోవాలో ఇంటివాళ్ల ఇష్టం, ఎలా వాడారో మెషీన్ రాసుకుంటుంది. కుటుంబాలకి ఆ సంగతి తెలుసు, ఒప్పుకున్నారు, ప్రాజెక్టు అయిపోగానే తీసుకెళ్లిపోయారు.

ఇప్పుడు మీ జేబులో ఉన్నది తీసి చూడండి. అది కూడా అదే పని చేస్తోంది. ఏ బొమ్మ దగ్గర మీ వేలు ఎంతసేపు ఆగింది, ఏ మెసేజ్ సగం టైప్ చేసి చెరిపారు, రాత్రి ఎన్నింటికి లేచారు. తయారుచేసేవాళ్లు కొత్త రంగు బటన్ సగం మందికి ఓ రకంగా, సగం మందికి ఇంకో రకంగా చూపించి ఎవరు నొక్కుతారో లెక్కపెడతారు. కాని ఈ ప్రోబ్‌ని ఎవరూ మన గడప దగ్గర కూర్చుని చేతికివ్వలేదు. వాపస్ తీసుకెళ్లే రోజూ లేదు. పెచ్చోలి ముసలోళ్లలా పంపకుండా ఊరుకునే సౌకర్యమూ లేదు, అది తనంతట తానే పంపుకుంటుంది. ‘ఐ అగ్రీ’ నొక్కారు కదా అంటారు. ఇజాజత్ అంటే అదేనా? దర్వాజా తట్టి, లోపలి నుంచి రమ్మనేదాకా ఆగడం అని మా పెద్దలు నేర్పారు. తట్టినచోటే కన్నం పెట్టుకుని చూడటాన్ని వేరే మాటతో పిలిచేవాళ్లు, జాసూసీ అని.

పేపర్ పొట్లానికి నేను ఓటు వేసేది అందుకే. నోస్టాల్జియాతో కాదు. పొట్లం బరువు చేతికి తెలుస్తుంది. ఇచ్చింది ఎవరో, ఎన్ని రోజులకో, దేనికో తెలుస్తుంది. మూలన పడేయొచ్చు, మనవడు స్టిక్కర్లు గోడకి అంటించేయొచ్చు. లండన్‌లోనైనా, తలాబ్‌కట్టాలోనైనా, ఇచ్చిన మనిషి మళ్లీ ఆ గడప తొక్కాలి. అడిగి తీసుకున్నది అమానత్ అనే సంగతి అప్పుడు గుర్తుంటుంది.

డిజైన్ చదివే పిల్లలకి, బడా కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ చేసే మన తెలుగు కుర్రాళ్లకి, వాళ్లు హైటెక్ సిటీలోనైనా సియాటిల్‌లోనైనా, నాదొక్కటే దర్ఖాస్తు. బైల్మర్‌లో ముసలోళ్లు అన్న మాట వాళ్ల వీధిలోనే, బెంచీ మీద, అందరికీ కనబడేలా వాళ్లకి వాపస్ వచ్చింది. మీరు మా గల్లీ నుంచి ఏం తీసుకెళ్లారో, దాంతో ఏం చేశారో ఒక్క పేజీ ఉర్దూలో, తెలుగులో అచ్చువేయండి. రాయడానికి మనిషి దొరక్కపోతే నా దగ్గరికి పంపండి, పైసలొద్దు. తెచ్చి గల్లీ మొగలో దర్జీ దుకాణం అద్దానికి అంటించండి. అక్కడ ఆడవాళ్లు బట్టలిచ్చి కాసేపు నిలబడతారు, చదివే టైం ఉంటుంది.